ఇద్దరి మాటా విన్న ప్రోగ్రాము

ఆ రోజు ఉదయానికి ఫోనమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. అందరికన్నా ముందు వెళ్ళి జంతువుల ఆస్పత్రి తలుపు తీయడం, కంప్యూటరు ముందు కూర్చుని ఒక్క మీట నొక్కడం, ఆ తర్వాత టీ వేడిగా ఉండగానే తాగడం. ఇందులో మూడోదే ఆమె అసలు కోరిక. ఆ ఆస్పత్రిలో రిసెప్షనిస్టుగా చేరిన నాటినుంచి ఆమె వేడి టీ ఎరగదు. పొద్దున్నే ఆనాడు రావలసిన వాళ్ళందరికీ ఫోన్లు చెయ్యాలి. కుక్కకు టీకా ఉందని ఒకరికి, పిల్లికి పాలు పట్టవద్దని మరొకరికి. ఒకటికి రెండుసార్లు చెబితేగాని ఎవరూ వినిపించుకోరు. చెప్పడం అయ్యేసరికి గొంతు బొంగురుపోయేది, టీ మీద మీగడ కట్టేది. ఆమె అసలు పేరు ఆ చుట్టుపక్కల ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఫోనమ్మే.

అలాగే రోజులు వెళ్ళిపోయేవేమో గాని, ఒకనాడు డాక్టరమ్మ పిలిచి, ఎవరో కంపెనీ మనిషి వచ్చి వెళ్ళాడనీ, ఈ కబుర్లన్నీ దానంతట అదే పంపే మెషీను ఒకటి వాళ్ళ దగ్గర ఉందనీ చెప్పింది. "నీ గొంతుకి కూడా విశ్రాంతి కదా" అంది ప్రేమగానే. విశ్రాంతి గొంతుతో ఆగదని ఫోనమ్మకు తోచింది. ఆలోచించకుండానే నోరు జారింది. "ఆ మాత్రం ప్రోగ్రాము నేనే రాస్తాను డాక్టరుగారూ." డాక్టరమ్మ కళ్ళజోడు మీదనుంచి చూసి, సరే ప్రయత్నించమంది. ఫలానా రోజున ఫోనమ్మ ప్రోగ్రామూ చూద్దాం, కంపెనీ మనిషినీ రమ్మందాం, రెంటిలో ఏది బాగుంటే అది అని తేల్చింది.

ప్రోగ్రామంటే ఏమిటో ఫోనమ్మకు తెలియదు గాని, తెలిసినవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. మేడమీద వాటాలో తమ్ముడూ మరదలూ ఉంటారు. ఇద్దరూ సాఫ్ట్‌వేరు ఉద్యోగులే, ఇద్దరూ ఘటికులే. ఒకే కంచంలో తినగలరు గాని ఒకే ఎడిటరులో రాయలేరు. ఎడిటరంటే ప్రోగ్రాము రాసుకునే పలక అనుకోవచ్చు. తమ్ముడి పలక నల్లటిది, దాని మీద మినుకుమినుకుమంటూ ఒక గీత. బొత్తాలు లేవు, మౌసు పనికిరాదు. వేళ్ళకు అలవాటైతే గాలిలో తేలిపోతావక్కా అని చెప్పి, ఆమెను అందులోకి దింపి, బయటికి రావడం ఎలాగో చెప్పకుండా ఆఫీసుకు వెళ్ళిపోయాడు. ఏ మీట నొక్కినా ఆ తెర కూతపెట్టడమేగాని వదలదు. పద్మవ్యూహంలో చిక్కుకున్నట్టు సగం పూట గింజుకుని, చివరికి ప్లగ్గు పీకి బయటపడింది.

సాయంత్రం మరదలు వచ్చి, ఆ నల్లదాన్ని చూసి నిట్టూర్చి, "మనుషులు వాడేది ఇదీ వదినా" అంటూ రంగురంగులది ఒకటి పెట్టింది. దాని ప్రత్యేకత ఏమిటంటే, మనం సగం మాట టైపు చేస్తే మిగతా సగం అదే పూరిస్తుంది. పక్కింటి పిన్నిగారికి కూడా ఈ గుణం ఉంది కాబట్టి ఫోనమ్మకు అది కొత్త అనిపించలేదు, నచ్చనూ లేదు. తాను ఒకటి అనబోతే అది వేరొకటి అనేది. మర్నాడు తమ్ముడు దాన్ని తీసేశాడు. ఆ మర్నాడు మరదలు మళ్ళీ పెట్టింది. వరస మొదట్లో వదిలే ఖాళీకి ట్యాబు మీట కొట్టాలని ఆయన, కాదు నాలుగు ఖాళీలు కొట్టాలని ఆవిడ. మేడమీద మాటలు తగ్గాయి. ఉప్పు కావాలన్నా ఫోనమ్మ ద్వారానే అడిగించుకునే స్థితి వచ్చింది. ఫోనమ్మ భర్త డ్రైవింగు స్కూలు నడుపుతాడు. ఇద్దరు గురువులు చెరో చెవిలో అరిస్తే బండి గోడకే పోతుందని ఆయన అనుభవం. ఆ మాట ఎవరి పక్షమని అడుగుతారోనన్న భయంతో పైకి అనకుండా, అన్నం తిని లేచిపోయేవాడు.

ఈ తగువుల మధ్య రోజులు దొర్లిపోయాయి గాని ఒక్క వరసా రాయలేదు. నేర్చుకోవడం ఎలాగో చెప్పే వీడియోలు చూద్దామంటే, కుర్చీ ఎంత ఎత్తుండాలో, మీటలు ఏ చప్పుడు చెయ్యాలో చెప్పేవే ఎక్కువ. ప్రోగ్రాము రాసే భాష ఒక్కటి మాత్రం ఆమె స్వయంగా ఎంచుకుంది. పైథాన్. పేరు ఆస్పత్రికి తగ్గట్టుందని. ఆ ఉత్సాహంలో "రేపు మధ్యాహ్నం పైథాన్" అని ఒక చీటీ రాసి ఆస్పత్రి గోడకు అంటించింది. మర్నాడు ఆయా చీపురు గుమ్మం బయటే పెట్టి లోపలికి రానంది. డాక్టరమ్మ పెద్ద బోను ఖాళీ చేయించి, మోచేతుల దాకా వచ్చే తొడుగులు వేసుకుని, "ఎవరిదమ్మా ఈ కొండచిలువ?" అని అడిగింది. నాదేనని ఫోనమ్మ చెప్పడంతో, ఆ సంగతి విడమరిచేలోగా ఆయా వీధి చివరికి వెళ్ళిపోయింది.

చివరికి ఫోనమ్మ ఇంటి శాంతి కోసం ఒక ఒప్పందం చేసింది. ఒకరోజు తమ్ముడి పద్ధతి, ఒకరోజు మరదలి పద్ధతి. తమ్ముడి రోజున యజమానుల పేర్లు ఒక్కొక్కటిగా తీసే భాగం రాసింది. కంప్యూటరు సున్నా నుంచి లెక్కపెడుతుంది, నువ్వూ సున్నాతోనే మొదలెట్టు అని అతను చెప్పాడు. పెట్టింది. మరదలి రోజున ఎవరికి ఏ వైద్యమో తీసే భాగం రాసింది. మనం ఒకటి నుంచి లెక్కపెట్టుకుంటాం కాబట్టి తీసేటప్పుడు ఒకటి తగ్గించాలి వదినా అని ఆమె చెప్పింది. తగ్గించింది. విడివిడిగా ఇద్దరూ చెప్పింది నిజమే. మందు పొద్దున ఒకరు, మాపు ఒకరు ఇచ్చి, ఇద్దరూ పూర్తి మోతాదే ఇచ్చినట్టయింది. పరీక్షకని ఒక్క పేరూ ఒక్క వైద్యమూ పెట్టి తన ఫోనుకే పంపుకుంటే చక్కగా వచ్చింది. ఒక్కటే ఉన్నప్పుడు ముందున్నదీ అదే, వెనకున్నదీ అదే అని అప్పటికి ఆమెకు తట్టలేదు.

అలా ఆ ఉదయం వచ్చింది. మొదటిరోజు కదా అని కొద్దిమంది పేర్లే పెట్టింది. కళ్ళు మూసుకుని మీట నొక్కింది. మెసేజిలు వెళ్ళిపోయాయని తెర మీద కనబడగానే కాళ్ళ కింద నేల తేలికైనట్టయింది. ఇక నుంచి దీనితో పని లేదనుకుని, ఆస్పత్రి ఫోను నోరు నొక్కి సొరుగులో పడేసి, టీ కప్పు అందుకుంది. టీ పొగలు కక్కుతోంది. అర గుక్క తాగింది.

తలుపు తోసుకుని సంగీతం మాస్టారు వచ్చాడు. చేతుల నిండా గీతలు, ఆ చేతుల్లో తువ్వాలులో చుట్టిన తడి పిల్లి. ఆ పిల్లి ప్రపంచాన్నంతా ఒకేసారి ద్వేషిస్తున్నట్టు చూస్తోంది. గోరువెచ్చని నీళ్ళలో మెడ దాకా కూర్చోబెట్టి తీసుకురమ్మన్నారు, కూర్చోబెట్టాను, కాని ఇది ఏ జబ్బుకో కాస్త చెప్పమన్నాడు. ఫోనమ్మ కప్పు కింద పెట్టేలోగా లాయరుగారు పంజరంతో దిగాడు. లోపల చిలక ఆకలితో ఆయన వృత్తికి తగని మాటలు అంటోంది. ఆయన మెసేజిని కోర్టులో చదివినట్టు చదివాడు. "ఈరోజు మీ ప్రాణికి ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషను. ఏమీ తినిపించవద్దు." తర్వాత కళ్ళజోడు తీశాడు. "ఇది ఆడో మగో ఇన్నేళ్ళుగా నాకే తెలీదు. మీరెలా నిర్ణయించారు?"

ఫోన్లు చేస్తే ఎవరూ ఎత్తకపోవడంతో అందరూ సొంతంగా బయల్దేరారు. బేకరీ ఆయన తన బొద్దు కుక్కను రెండు చేతులా ఎత్తుకుని, చెమటలు కక్కుతూ వచ్చాడు. రెక్కల చివరలు కత్తిరిస్తామనీ, ఎగిరిపోకుండా గట్టిగా పట్టుకు రమ్మనీ ఆయనకు వెళ్ళింది. తెల్లారినప్పటినుంచీ వెతికాననీ, వీడికి రెక్కలు ఎక్కడా కనబడలేదనీ, అయినా డాక్టర్లకు తెలుస్తుందని వదలకుండా పట్టుకున్నాననీ చెప్పాడు. కుక్క ఎగిరే ప్రయత్నమేదీ చెయ్యకుండా ఆయన భుజం మీద గురకపెడుతోంది. ఆ వెనకే హెడ్మిస్ట్రెసు తాబేలును గుండెకు హత్తుకుని, కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె మెసేజిలో "ఈరోజు మీ ప్రాణికి" అని ఉంది, ఆ తర్వాత ఏమీ లేదు, ఆ తర్వాత "దయచేసి ఆలస్యం చేయవద్దు" అని ఉంది. రాయడానికి కూడా చేతులు రానంత పెద్ద జబ్బేదో వచ్చిందని ఆమె నిశ్చయం.

పిల్లి చిలకను చూసింది. చిలక పిల్లిని చూసి లాయరుగారిని తిట్టింది. కుక్కకు మెలకువ వచ్చింది. ఆయా చీపురు పట్టుకుని బల్ల ఎక్కింది. సరిగ్గా అప్పుడే డాక్టరమ్మ లోపలికి వచ్చింది. ఆమె వెనక, మెడకు టైతో, చేతిలో మెరిసే పెట్టెతో కంపెనీ మనిషి. డాక్టరమ్మ ఎక్కడో ఒక గుర్రం నోట్లో చెయ్యి పెట్టి పన్ను చూస్తుండగా ఆమె ఫోను మోగిందట. ఫోను తీసి అందరి ముందూ మెల్లగా చదివింది.

"డాక్టరుగారూ, నమస్కారం. ఈరోజు మీ ప్రాణికి బరువు తూచుట. లావు మితిమీరినది. బిస్కెట్లు పూర్తిగా మాన్పించవలెను."

కంపెనీ మనిషి నవ్వు ఆపుకోవడానికి గోడవైపు తిరిగాడు. ఫోనమ్మ సంచిలోంచి తన సొంత ఫోను తీసి తమ్ముడికి చేసింది. అతను సంగతంతా విని, సున్నాతోనే మొదలెట్టావా, ఆ రంగుల ఎడిటరేమైనా మధ్యలో వేలు పెట్టిందా అని అడిగాడు. వెంటనే మరదలికి చేసింది. ఆమె, ఒకటి తగ్గించావుగా, ఆ నల్లదానిలో తెరిచి ఉంటే మాత్రం నా పూచీ లేదంది. ఆపైన ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పడానికి మళ్ళీ మళ్ళీ ఫోను చేస్తూనే ఉన్నారు.

ఆ సందట్లో తలుపు నెమ్మదిగా తెరుచుకుంది. రిటైరైన స్టేషను మాస్టరు, చేతిలో తోలుపట్టీ ఒకటి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆ పట్టీకి చివర ఏమీ లేదు. ఆయన కుక్క కిందటేడు ఈ ఆస్పత్రిలోనే ముసలితనంతో పోయింది. ఆస్పత్రికి వచ్చినవాళ్ళలో ఆయనే మొదటివాడు కాబట్టి పేర్లలో ఆయనదే ముందు. దాన్ని కొట్టేయడానికి ఫోనమ్మకు మనసొప్పలేదు. వైద్యం దగ్గర ఖాళీ వదిలేసి, ఖాళీకి మెసేజి వెళ్ళదులే అని ఊరుకుంది.

"తప్పుగా వచ్చిందని తెలుసమ్మా" అన్నాడాయన. "మావాణ్ణి సాగనంపింది మనమే కదా. కాని, కాలు పూర్తిగా నయమైనది, ఇంటికి తీసుకువెళ్ళవచ్చును అని చదివాక, ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు."

అంతవరకూ ఫోనమ్మకు భయం మాత్రమే ఉంది, ఇప్పుడు సిగ్గేసింది. ఉద్యోగం పోతే పోయింది, ఈ మనిషికి ఇలా ఎందుకు వెళ్ళిందో తెలుసుకోకుండా ఇక్కణ్ణుంచి కదలననుకుంది. చేతిలో మోగుతున్న ఫోనును, అటు తమ్ముడో మరదలో కూడా చూడకుండా, ఆపేసింది. తర్వాత, రోజూ ఫోనులో మాట్లాడే గొంతుతోనే, అందరినీ కుర్చీల్లో కూర్చోమంది. ఊరికే కాదు, ప్రోగ్రాములో పేర్లు ఉన్న వరసలో. మొదటి కుర్చీలో స్టేషను మాస్టరు, ఆ పక్కన హెడ్మిస్ట్రెసు, ఆపైన సంగీతం మాస్టారు, లాయరుగారు, బేకరీ ఆయన. చివరి కుర్చీ ఖాళీగా ఉంది. "మీరు కూడా డాక్టరుగారూ" అంది. డాక్టరమ్మ వెళ్ళి కూర్చుంది.

ఒక్కొక్కరినీ మెసేజి చదవమంది. పిల్లి ఆయన చదివిన వేడినీళ్ళు తాబేలువి. చిలక ఆయనకు వెళ్ళిన ఆపరేషను పిల్లిది. కుక్క ఆయనకు వెళ్ళిన రెక్కలు చిలకవి. ఎవరిది వాళ్ళకు కాకుండా, ఎడమ పక్క కుర్చీవాళ్ళది వచ్చింది. హెడ్మిస్ట్రెసుకు వచ్చిన ఖాళీ స్టేషను మాస్టరు వదిలి వెళ్ళిన ఖాళీ. డాక్టరమ్మకు వచ్చిన లావు బేకరీ కుక్కది. అది వినగానే డాక్టరమ్మ "హమ్మయ్య" అని కుర్చీలో వెనక్కి వాలింది.

మరి మొదటి కుర్చీకి ఎడమ పక్క ఎవరూ లేరు కదా. ఫోనమ్మ గోడకేసి చూసింది, మళ్ళీ తెరకేసి చూసింది. తమ్ముడి సున్నాలోంచి మరదలి ఒకటి తీసేస్తే ఏమవుతుంది? అలాంటి స్థానమే లేదని కంప్యూటరు చెప్పి ఉంటే బాగుండేది. అది మర్యాద గల యంత్రం కావడంతో, లేదనకుండా చుట్టూ తిరిగి వెళ్ళి చివరిదాన్ని తెచ్చి ఇచ్చింది. చివరిది డాక్టరమ్మ పేరున పెట్టినది. కొన్నాళ్ళ కిందట ఎవరో కాలు విరిగిన కుక్కను ఆస్పత్రి మెట్ల దగ్గర వదిలి వెళ్ళిపోయారు. కాలు కట్టుకుంది గాని అడిగేవాళ్ళెవరూ రాలేదు. అది వెనక గదిలోనే ఉంటోంది.

ఆయా బల్ల దిగి వెనక తలుపు తీసింది. ఆ కుక్క బయటికి వచ్చి, తాబేలును వాసన చూసి, ఏమీ అర్థంకాక, కుర్చీల వెంబడి అందరినీ పలకరించుకుంటూ వచ్చి, స్టేషను మాస్టరు బూట్ల మీద అడ్డంగా పడుకుంది.

"మీకు వచ్చింది వీడిదండీ" అంది ఫోనమ్మ. "నా తప్పే. క్షమించండి."

ఆయన దాన్ని చెవుల నుంచి తోక దాకా చూశాడు. "మావాడిలా ఏమీ లేడు" అన్నాడు. "మావాడికి మర్యాద ఎక్కువ. అడక్కుండా కాళ్ళ మీద పడుకునేవాడు కాదు." వంగి, పట్టీ దాని మెడకు తగిలించాడు. వీధి చివరిదాకా నడిపించి తెస్తాననీ, కాలు నిజంగా నయమైందో లేదో నడిస్తేగాని తెలియదు కదా అనీ అన్నాడు. కిటికీలోంచి చూస్తే ఇద్దరూ వీధి చివరికి వెళ్ళారు. అక్కడ ఆగలేదు.

ఫోనమ్మ తెర ముందు కూర్చుంది. రెండు పద్ధతుల్లో ఒకదాన్ని తీసేస్తే సరిపోతుంది. ఏది తీసెయ్యాలో ఎవరినీ అడగలేదు. ఒక దాని మీద వేలు పెట్టి తుడిచేసింది. మళ్ళీ పంపబోతుంటే డాక్టరమ్మ వెనక నిలబడి, "స్టేషను మాస్టరుగారిది మాత్రం మార్చకు. అది సరిగ్గానే వెళ్ళింది" అంది. ఫోనమ్మ ఆ కుక్కను డాక్టరమ్మ పేరు నుంచి తీసి ఆయన పేరున చేర్చి, మీట నొక్కింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు.

హెడ్మిస్ట్రెసు సంచిలో ఫోను టింగుమంది. వేడినీళ్ళు. ఆమె తాబేలును ముద్దుపెట్టుకుంది. ఆ పక్కన టింగు, ఆ పక్కన టింగు. లాయరుగారు తన చిలకకు రెక్కలు తప్ప మరేదీ కత్తిరించరని రూఢి చేసుకుని, జేబులోంచి గింజలు తీశాడు. బేకరీ ఆయన తన మెసేజి చదివి, రెక్కలే నయం, బిస్కెట్లు మాన్పించడం తనవల్ల కాదన్నాడు.

కంపెనీ మనిషి గొంతు సవరించుకుని, ఇలాంటి తప్పు తమ మెషీను జన్మలో చెయ్యదన్నాడు. చేస్తే ఏం చెయ్యాలని డాక్టరమ్మ అడిగింది. హెడ్డాఫీసుకు రాస్తే వాళ్ళు పరిశీలించి, అవసరమనుకుంటే ఎవరినైనా పంపుతారట. డాక్టరమ్మ కుర్చీల్లో నవ్వుకుంటున్న వాళ్ళను చూసింది, తెర ముందు చెమట తుడుచుకుంటున్న ఫోనమ్మను చూసింది. "మా ఫోనమ్మ ఇక్కడే కూర్చుని ఉంటుందండీ" అని, ఆయన్ను గుమ్మం దాకా సాగనంపింది. పోతూ పోతూ ఆయన పిల్లిని నిమరబోయాడు. అది పొద్దుటినుంచీ అలాంటి అవకాశం కోసమే చూస్తోంది.

వచ్చినవాళ్ళు ఎలాగూ వచ్చారని డాక్టరమ్మ అందరినీ వరసగా పరీక్షించింది. సాయంత్రం పనంతా అయ్యాక ఆమె ఫోనమ్మ బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎక్స్‌రేలను తేదీల ప్రకారం సర్దే ప్రోగ్రాము ఒకటి తానే రాసుకోవాలని ఉందనీ, చిన్నప్పటి నుంచీ లెక్కలంటే భయమనీ, అయినా ఇవాళ ఆ కుర్చీల్లో కూర్చున్నాక మనవల్ల కూడా అవుతుందేమో అనిపించిందనీ కాస్త మొహమాటంగా చెప్పింది.

"మొదలు ఏ ఎడిటరు పెట్టుకోమంటావ్?"

"మీకు తెరవడం, ముయ్యడం వచ్చినది ఏదైనా పరవాలేదండీ" అంది ఫోనమ్మ.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ జవాబు విన్న తమ్ముడూ మరదలూ చాలా రోజుల తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుని, అక్కకు కంప్యూటర్ల గురించి ఏమీ తెలియదని మొట్టమొదటిసారి ఏకాభిప్రాయానికి వచ్చారు.